చేతిగడియారమును ఏమని అడుగుదము?

పూర్వము పెండ్లివారింట ముహూర్తము తప్పిపోకుండుటకై, అడుగున సన్నని బెజ్జము గల రాగిగిన్నెను నీటిపాత్రలో తేలవిడిచి, అది నిండి మునుగునంతవరకు దానినే కనిపెట్టుకొని యొకరు కూర్చుండెడివారు. గిన్నె యొకమారు మునిగిన నొక గడియ, అనగా 24 నిమిషములు. అట్టివి 60 గడచిన నొక అహోరాత్రము. ఘటిక యనగా చిన్నకుండ. ఆ మాటయే గడియయై, నేటి గడియారమునకు పేరు నిచ్చినది. ఆ గిన్నెను మన పెద్దలడిగిన ప్రశ్న యొక్కటే: ‘వేళ యెంతయైనది?’ నేడు మణికట్టున కట్టుకొను వస్తువును మనము మరియొక ప్రశ్న కూడ అడుగుచున్నాము: ‘నేనెట్లున్నాను?’ కీ యిచ్చు వాచీ కొనవలెనా, స్మార్ట్‌వాచీ కొనవలెనా యని తటపటాయించువారు, ఈ రెండు ప్రశ్నలలో తమది యేదో ముందుగా తేల్చుకొనవలెనని నా మనవి.

మా తండ్రిగారు ప్రతిదినము ఉదయము స్నానము ముగించి, తమ హెచ్.ఎం.టి. జనతా వాచీకి కీ ఇచ్చెడివారు. రెండు వ్రేళ్ల నడుమ ఆ చిన్నమర కరకరలాడి, ఇక తిరుగనని బిగుసుకొనగానే చేయి తీసివేసెడివారు. ప్రభుత్వ సంస్థయైన హెచ్.ఎం.టి., జపానుకు చెందిన సిటిజెన్ సహకారముతో 1961లో బెంగుళూరున వాచీల తయారీ నారంభించినది. ఉద్యోగమున చేరిన కుమారునకును, పెండ్లిపీటలెక్కు అల్లునకును ఆ వాచీ పెట్టుట ఒక తరమువారికి గౌరవచిహ్నము. 2016లో కేంద్రప్రభుత్వము ఆ వాచీల సంస్థను మూసివేయ నిర్ణయించినను, అది చేసిన వాచీలు నేటికిని ఎందరి చేతులనో నడచుచున్నవి.

అవి యేల నడచుచున్నవో, వాచీల మరమ్మతు చేయునతడు కంటికి భూతద్దము బిగించి వెనుకమూత విప్పినప్పుడు చూచితిని. మనమిచ్చిన కీ యొక చుట్టస్ప్రింగులో బలముగా దాగియుండును. అది మెల్లమెల్లగా విప్పుకొనుచు పళ్లచక్రములను త్రిప్పుచుండగా, ఆ చక్రములు ఒక్కసారిగా పరుగెత్తకుండ చిన్న కొక్కెమొకటి పంటికి పన్ను చొప్పున విడుచుచుండును. ఆ విడుపునకు లయ నిచ్చునది, వెండ్రుక వంటి స్ప్రింగుతో అటునిటు ఊగు చక్రము. అట్టి స్ప్రింగును డచ్చి శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1675లో లోకమునకు తెలిపెను. సెకనుకు 5 సార్లు కొట్టు వాచీ దినమునకు 4,32,000 సార్లు కొట్టును. ఇంత శ్రమలో దినమునకు కొన్ని సెకన్లు ముందువెనుకలగుట సహజమే. అన్నిటికంటె ముఖ్యమేమన, అరిగిన భాగమును మార్చి, ఎండిన నూనె తుడిచి క్రొత్తది వేసినయెడల అది మరల నడచును.

కచ్చితమే కావలెనన్నచో కీ వాచీ ఏనాడో ఓడినది. 1969లో సైకో సంస్థ వెలువరించిన క్వార్ట్జ్ వాచీతో అల్పవ్యయమునకే అధిక నిర్దుష్టత లభించు మార్గము తెరువబడినది. నేటి క్వార్ట్జ్ వాచీలలో స్ఫటికము సాధారణముగా సెకనుకు 32,768 సార్లు కంపించును. స్మార్ట్‌వాచీ ఫోనుతో సరిచూచుకొని తన వేళను తానే దిద్దుకొనును. అయినను దాని అసలు ప్రయోజనము వేళ చెప్పుటలో లేదు. దానిని తీసి వెనుకవైపు చూచినచో పచ్చని వెలుగు మినుకుమినుకుమనును. రక్తము ఆ పచ్చని కాంతిని పీల్చుకొనును. గుండె కొట్టినప్పుడెల్ల మణికట్టున రక్తము పెరిగి, తిరిగివచ్చు వెలుగు తగ్గును. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి అది నాడి చెప్పును. 2018లో వచ్చిన ఆపిల్ వాచీ నాలుగవ శ్రేణి మొదలు, గుండెలయ క్రమము తప్పుటను ఇ.సి.జి. ద్వారా పసిగట్టు శక్తియు, తొడిగినవారు క్రిందపడిన గుర్తించు శక్తియు దీనికి కలిగినవి.

అయితే ఈ వైద్యమునకు హద్దులు గలవు. గుండెపోటును ఆ ఇ.సి.జి. కనుగొనజాలదు, ఛాతీలో నొప్పి వచ్చినప్పుడు వాచీ వంక చూచుచు కూర్చుండరాదు. సూది గ్రుచ్చకయే రక్తములోని చక్కెర చెప్పెదమను వాచీలను నమ్మవలదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. మధుమేహము గల మన యిండ్లలో ఈ మాట అందరును గుర్తుంచుకొనవలెను. మరియు దీనికి తరచుగా చార్జింగు కావలెను. కొన్నియేండ్లకు బ్యాటరీ నీరసించును, సాఫ్ట్‌వేరు పాతబడును. దీనిని మనుమనికిచ్చు ఆశ వలదు.

కావున ఒంటరిగా నుండు వృద్ధులకును, గుండెలయను గమనింపుమని వైద్యులు చెప్పినవారికిని, నడకకును నిద్రకును లెక్క కావలసినవారికిని స్మార్ట్‌వాచీ తగినది. వేళ మాత్రమే చాలునని, ఒకే వస్తువు ఆయుష్కాలమంతయు తోడుండవలెనని కోరువారు కీ వాచీ తీసికొందురుగాక. దానిని నీటికిని అయస్కాంతమునకును దూరముగా నుంచవలెను. పాత హెచ్.ఎం.టి. కొనువారు మాత్రము, డయలుకు క్రొత్తరంగు వేసి పలువాచీల భాగములు కూర్చి అమ్మువారు కలరని యెరిగి, మరమ్మతు తెలిసినవానికి మూత విప్పి చూపి మరీ కొనవలెను.

మా యింట రెండు ప్రశ్నలును కలవు. రాత్రి భోజనమైన పిదప మా అమ్మగారు తన స్మార్ట్‌వాచీ విప్పి, ‘నాయనా, దీనిని చార్జింగులో పెట్టు’ అని నా చేతికిత్తురు. ఉదయము స్నానము చేసివచ్చి, నేను నాన్నగారి వాచీకి కీ యిత్తును.