తేనీటిలో నీరు

‘తేనీరు’ అనే మాట వినగానే చాలామంది దానిని తేనెతో ముడిపెడతారు. ఆ మాటకూ తేనెకూ సంబంధం లేదు. చైనాలో ఫూజియన్ తీరవాసులు ఈ ఆకును ‘తే’ అన్నారు. ఓడలెక్కి వెళ్ళిన చోటల్లా ఆ పేరే స్థిరపడింది. నేల దారిని నడిచిన పేరు ‘చా’. అదే మన వీధి అంగళ్ళలో చాయ్ అయింది. తే, ఆకు కలిస్తే యడాగమం వచ్చి తేయాకు. ఆ ఆకుతో కాచిన నీరు తేనీరు. విగ్రహవాక్యం ఏ విధంగా చెప్పుకున్నా అది తత్పురుషమే. తత్పురుష సమాసంలో ప్రాధాన్యం ఉత్తరపదానిది. అంటే వ్యాకరణం లెక్కన ఇందులో ముఖ్యమైనది ఆకు కాదు, నీరు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వారికి ఈ విషయం వ్యాకరణంతో ఆగిపోయేది కాదు.

ముందుగా ఆకు సంగతి చూద్దాం. మన ఇళ్ళలో వాడే పొడి సాధారణంగా అనేక తోటల ఆకును కలిపి తయారుచేసినది. 1930 ప్రాంతంలో అస్సాంలో రూపొందిన సి.టి.సి. యంత్రం ఆకును నలిపి, చించి, చిన్న గుళికలుగా చుడుతుంది. ఆ గుళికలు త్వరగా రంగునిస్తాయి, పాలకు తట్టుకుంటాయి. ఏ సంచి విప్పినా రుచి ఒకేలా ఉండాలని వ్యాపారి కోరుకుంటాడు, అందుకే మిశ్రమం. ఒకే తోట తేయాకు ఇందుకు భిన్నమైనది. ఒక కొండవాలు, ఆ ఏటి వాన, కోసిన నెల అందులో తెలుస్తాయి. డార్జిలింగ్ తోటల్లో వసంతారంభంలో కోసిన తొలి చిగురు లేత రంగులో పూల వాసన వేస్తుంది. మే, జూన్ నెలల కోత ముదురు రాగిరంగు తేరి, పండిన ద్రాక్షను గుర్తుకు తెస్తుంది. భారతదేశంలో మొట్టమొదట భౌగోళిక గుర్తింపు పొందినది డార్జిలింగ్ టీయే. అది 2004లో లభించింది.

ఇలాంటి ఆకును కోసిన తరువాత కొన్ని గంటలపాటు వాడబెడతారు. ఆపైన కణాలు చిట్లేలా మెలిపెట్టి నలుపుతారు. ఆకులోని రసం గాలి సోకి రాగిరంగుకు మారుతుంది. కోసి ఉంచిన వంకాయ ముక్క నల్లబడడం కూడా ఇటువంటి చర్యే. తగిన సమయంలో వేడి గాలితో ఆరబెట్టి ఆ మార్పును ఆపుతారు. నల్ల తేయాకు తయారయ్యేది ఇలాగే.

రుచి చూడడం ఒక వృత్తి. దానికి కొలతలున్నాయి. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1980లో ప్రకటించిన పద్ధతి ప్రకారం ప్రతి 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు వేసి, మూత ఉన్న పింగాణీ పాత్రలో 6 నిమిషాలు ఉంచాలి. వడగట్టిన తేనీటిని నిపుణుడు చెంచాతో తీసుకొని చప్పుడయ్యేలా జుర్రుతాడు. పెద్దల ఎదుట చేస్తే మందలింపు తప్పని పని ఇక్కడ విధి. ద్రవంతోపాటు గాలి లోపలికి వెళ్ళి, వాసన ముక్కు వెనుక భాగానికి చేరాలి కదా! అతడు రంగు చూస్తాడు, తడిసిన ఆకును వాసన చూస్తాడు, రుచి తెలియగానే ఉమ్మివేస్తాడు.

అతడు వెదికే గుణాలలో ఒకదానికి తెలుగులో చక్కని పేరుంది: వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చే రుచి అదే. షడ్రుచులలో మన పూర్వులు దానికి స్థానమిచ్చారు. నేటి శాస్త్రం మాత్రం దానిని రుచిగా కాక స్పర్శగా లెక్కిస్తుంది. తేయాకులోని పాలీఫినాల్ పదార్థాలు లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడంతో నాలుక పొడిబారినట్లు తోస్తుంది. పాలు పోస్తే ఆ పదార్థాలు పాలలోని కేసిన్‌ను పట్టుకుంటాయి. నాలుకపై వగరు తగ్గుతుంది. మంచి ఆకు గుణం తెలియాలంటే మొదటి గుక్కైనా పాలు లేకుండా తాగాలి. ఇంట్లో అయితే 200 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా ఆకు, మూడు నాలుగు నిమిషాలు చాలు. ఆకును పొయ్యిమీద ఉడికించవద్దు.

ఇక నీరు. పశ్చిమ ప్రకాశంలో ఒకే ఆకును బోరు నీటితో ఒక గ్లాసు, చెరువు నీటితో ఒక గ్లాసు, కొని తెచ్చిన క్యాను నీటితో ఒక గ్లాసు కాచి పక్కపక్కన పెట్టండి. బోరు నీరు కఠిన జలమైతే ఆ తేనీరు మసకబారి, మట్టి రంగులో ఉంటుంది. పైన పలుచని తెట్టు కడుతుంది. కదిపితే అది పగిలిన అద్దంలా చీలుతుంది. నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు తేయాకు పదార్థాలతోనూ గాలితోనూ కలిసి చేసే పని అది. నిమ్మరసం పిండితే తెట్టు పోతుంది. నీటిని ముందే బాగా మరిగించి తేర్చినా కాఠిన్యం కొంత తగ్గుతుంది. పాత్ర అడుగున పేరుకునే తెల్లని పొర అదే. ఇంతవరకు కంటికీ నాలుకకూ అందే సంగతి.

అందని సంగతి మరొకటి ఉంది. భారతదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదట వైద్యులు వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు నుంచీ, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచీ వచ్చి చేరాయి. తక్కువ వానలు, లోతైన బోర్లు ఉన్న చోట నీరు రాతిని అంటిపెట్టుకొని చాలాకాలం ఉంటుంది. రాతిలోని ఫ్లోరైడ్ దానిలో కరుగుతుంది. నవ్వేటప్పుడు చేయి అడ్డుపెట్టుకొనే పిల్లలు మన తరగతులలో కనిపిస్తారు. పళ్ళపై ఆ గోధుమరంగు చారలు వారి నిర్లక్ష్యం వల్ల వచ్చినవి కావు. పళ్ళు ఏర్పడే వయసులో తాగిన నీరు వేసిన ముద్ర. ఎక్కువ ఏళ్ళు తాగిన పెద్దలకు కీళ్ళు బిగుసుకుంటాయి.

ఫ్లోరైడ్‌కు మన తాగునీటిలో ఉండే మోతాదులో రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. పైగా కాల్షియం తక్కువగా ఉన్న నీటిలోనే అది ఎక్కువగా నిలుస్తుంది. కనుక తెట్టు కట్టని, మెరిసే తేనీరే ఎక్కువ ఫ్లోరైడ్ గలది కావచ్చు! ఎంతటి నిపుణుడైనా ఇక్కడ మోసపోతాడు. మరిగిస్తే పోతుందనుకోవడం మరొక పొరపాటు. ఆవిరయ్యేది నీరు, మిగిలిన నీటిలో ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుంది. తేయాకు మొక్క కూడా నేల నుంచి ఫ్లోరైడ్‌ను పీల్చి ఆకులలో దాచుకుంటుంది. ముదురాకులో అది ఎక్కువ, చిగురులో తక్కువ. నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని హద్దు. ఆ హద్దులోనే ఉన్న నీటికి ఆకు నుంచి మరో రెండు మిల్లీగ్రాములు చేరితే మొత్తం మూడున్నర అవుతుంది. రోజుకొక కప్పు తాగేవారి సంగతి వేరు. ఎండలో పనిచేస్తూ నాలుగైదుసార్లు చిక్కని డికాషన్ తాగేవారి సంగతి వేరు.

పలనాటిలో నీటి కరవుకు విసిగిన శ్రీనాథుడు, ఇద్దరు భార్యలెందుకని గంగను విడువమని శివుణ్ణే అడిగినట్లు ఒక చాటువు ప్రచారంలో ఉంది. ఈ సీమవారు కృష్ణను అడుగుతూ వచ్చారు. శ్రీశైలం జలాశయం నుంచి నీరు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమలను తొలిచిన రెండు సొరంగాలలో మొదటిదాని తవ్వకం 2021లో, రెండవదాని తవ్వకం 2024లో పూర్తయింది. ఇంటి మట్టుకు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే నల్గొండ పద్ధతి, ఆర్.ఓ. యంత్రం వంటివి ఉన్నాయి. ఆర్.ఓ. నీటిలో ఖనిజాలు బొత్తిగా తగ్గి తేనీరు కాస్త పస లేనట్లు తోచవచ్చు. ఈ ప్రాంతంలో ఆ లోటును నేను లోటుగా ఎంచను.

నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉన్నదో తెలుసుకొనే చిన్న పరీక్షా సామగ్రి ఉంది. కొద్దిగా నీటిలో రసాయనం చుక్కలు వేసి కొన్ని నిమిషాలు ఆగుతారు. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ గులాబీ రంగు పసుపు వైపు తిరుగుతుంది. టీ నిపుణుడు కప్పులను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసినట్లే, ఆ గొట్టాన్ని వెలుతురులో పట్టుకొని, పక్కన రంగుల అట్ట ఉంచి పోల్చి చూస్తారు.