చెప్పుల షాపు గుమాస్తా – మన కథ చూడని శ్రామికుడు

హైదరాబాదు–విజయవాడ రహదారి మీద సుమారు ముప్పై కిలోమీటర్ల ఎడంతో జగ్గయ్యపేట, నందిగామ పట్టణాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగిన తర్వాత ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలో చేరినా జనం నోట ఇది ఇంకా కృష్ణా మెట్టే. ఇక్కడి పత్తి రైతునూ, మిరపకాయల కోతకు పోయే కూలీ ఆడవాళ్లనూ, సిమెంటు ఫ్యాక్టరీ కార్మికుణ్ణీ మన కథకులు ఏదో ఒక మేరకు పట్టించుకున్నారు. కాని ఈ ఊళ్ల మెయిన్ రోడ్డు మీద, కంపెనీ బోర్డు కింద, గాజు తలుపుల వెనక, ఒకే రంగు చొక్కా తొడుక్కుని పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే గుమాస్తా మన సాహిత్యంలో దాదాపు కనిపించడు. కనిపించినా, కథానాయకుడు చెప్పులు కొనుక్కునేటప్పుడు డబ్బా అందించి మాయమయ్యే చెయ్యిగానే కనిపిస్తాడు.

ఇది యాదృచ్ఛికం కాదు. మన విమర్శ చాలాకాలం శ్రమ అంటే పొలం, ఫ్యాక్టరీ, గని అనే అనుకుంది. వస్తువును తయారు చేసేవాడు శ్రామికుడు, అమ్మేవాడు వర్తకుడు అనే విభజన మన మనస్సులో పాతుకుపోయింది. చైన్ షాపులో అమ్మేవాడికి సరుకు మీద హక్కు లేదు, ధర మీద మాట లేదు, లాభంలో వాటా లేదు. అతను అమ్ముకునేది కూడా తన శ్రమనే. ఆ శ్రమ స్వరూపం ఏమిటో ముందు తెలుసుకోవాలి.

పని అంటే ఏమిటి?

షాపు తెరవగానే ఊడ్చడం, అద్దాలు తుడవడం, అరల్లో ఉన్న ప్రతి చెప్పునూ దులపడం జరుగుతుంది. బయట అరలో ఉండేది సాధారణంగా జతలో ఒక్క కాలిదే. రెండోది లోపల, తరచుగా పైన అటక మీద, డబ్బాలో ఉంటుంది. డబ్బా పక్కన మోడల్ నంబరు, రంగు, సైజు, ధర అచ్చయి ఉంటాయి. కొత్తగా చేరిన కుర్రవాడు మొదట నేర్చుకునేది మాట కాదు, ఈ అంకెలు. ఏ నంబరు ఏ వరసలో ఉందో, ఎనిమిదో సైజు అయిపోయిందో లేదో నిచ్చెన ఎక్కకముందే అతనికి గుర్తుండాలి. గుర్తు లేకపోతే రెండుసార్లు ఎక్కాలి.

ఒక జత అమ్ముడుపోవాలంటే నాలుగైదు జతలు దిగాలి. ఒక్కొక్కటీ కాగితం విప్పి, తాళ్లు వదులు చేసి, కొనేవాడి పాదం ముందు పెట్టాలి. చిన్న ముక్కాలిపీట మీద కూర్చుని, లేదా మోకాలు వంచి, మడమ దూరేటట్టు సాయపడాలి. బొటనవేలి దగ్గర నొక్కి చూసి, ‘ఇక్కడ కాస్త జాగా ఉండాలండి’ అని చెప్పాలి. వాళ్లు ఏమీ కొనకుండా వెళ్లిపోతే అన్నింటినీ మళ్లీ కాగితంలో చుట్టి, ఎడమకు ఎడమ, కుడికి కుడి సరిచూసి, పైకి ఎక్కించాలి. ఒక జతలో ఏడు, ఎనిమిది సైజులు కలిసిపోతే నెలల తర్వాత స్టాకు లెక్కలో ఆ తప్పు బయటపడుతుంది. తక్కువ వచ్చిన సరుకు విలువ జీతంలోంచి పోతుందేమో అన్న భయం ఈ పనిలో ఎప్పుడూ ఉండేదే.

ఇది అమ్మకం కాదు, సగం మోత, సగం జ్ఞాపకం. దీనిమీద మరొక పొర ఉంది. ముఖం నవ్వుతూ ఉండాలి. పాదం వాసన వేసినా, పొలం నుంచి వచ్చిన నల్లరేగడి మన్ను పీట మీద రాలినా, ‘ఈ ధరకు ఫోన్లో రెండు జతలొస్తయ్’ అని కొనేవాడు ఎద్దేవా చేసినా ముఖం మారకూడదు. ఫ్యాక్టరీ కార్మికుడి ముఖం అతని సొంతం. ఇక్కడ ముఖం కూడా డ్యూటీలోనే ఉంటుంది. ఇక జోడు అమ్మితే సరిపోదు. మేజోళ్లు, పాలిష్ డబ్బా, లోపల వేసుకునే మెత్త కూడా అంటగట్టాలి. నెల టార్గెట్టు అన్నమాట ఈ పనిలో పంచాంగం లాంటిది.

నిజమైన పంచాంగం మాత్రం మెట్టసీమ పంటలది. జూన్‌లో బడులు తెరిచేటప్పుడు నల్ల బూట్ల రద్దీ. ఏడాదంతా రావాలని తల్లి ఒక సైజు పెద్దది అడుగుతుంది. గుమాస్తా వేళ్ల దగ్గర దూది పెట్టి నడిపించి చూపిస్తాడు. మిరపకాయల డబ్బు చేతికొచ్చిన వేసవిలో పెళ్లి జోళ్లు. సంక్రాంతి, రంజాను, క్రిస్మసుల ముందు రాత్రి దాకా జనం. పత్తికి తెగులొచ్చిన ఏడు షాపు ఖాళీ. అయినా టార్గెట్టు తగ్గదు, ఎందుకంటే దాన్ని నిర్ణయించేవాళ్లకు మునేరు ఎక్కడుందో తెలియదు.

ఇద్దరు యజమానులు

మన దేశంలో చైన్ షాపు చరిత్రను చెప్పాలంటే బాటా దగ్గర మొదలుపెట్టక తప్పదు. 1894లో ఇప్పటి చెక్ దేశంలోని జ్లీన్ పట్టణంలో టోమాష్ బాట తన అన్న, అక్కలతో కలిసి జోళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి మాంద్యంలో, 1922లో, అతను జోళ్ల ధరలను సగానికి తగ్గించాడు. ఆ తగ్గింపుకు తోడుగా కార్మికుల వేతనాలు నలభై శాతం తగ్గాయి. చవకగా దొరికే జోడు వెనక ఎవరి జేబు ఉందో ఈ ఒక్క సంఘటన చెబుతుంది. 1931లో భారతదేశంలో ఆ కంపెనీ ఏర్పడింది. ఆ దశాబ్దంలోనే కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున బాటానగర్ వెలిసింది. తొంభై తొమ్మిదితోనో తొంభై అయిదుతోనో ముగిసే ధరను మనవాళ్లు ఈనాటికీ ‘బాటా రేటు’ అంటారు. ఒక కంపెనీ పేరు భాషలోకే వచ్చేసింది.

ఆ తర్వాత అనేక కంపెనీలు ఇదే దారిన చిన్న పట్టణాలకు వచ్చాయి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. చిన్న ఊళ్లో కంపెనీ బోర్డు ఉన్న షాపు అన్నిసార్లూ కంపెనీదే కాదు. బోర్డు, సరుకు, ధర, గోడల రంగు కంపెనీవి. అద్దె, పెట్టుబడి, జీతాల చెల్లింపు స్థానిక యజమానివి. ఫ్రాంచైజీ పద్ధతి అంటే ఇదే. దీనివల్ల గుమాస్తాకు ఇద్దరు యజమానులు ఏర్పడతారు. చొక్కా మీద ఉన్న కంపెనీ లెక్కలో అతను ఉద్యోగి కాదు. జీతమిచ్చే యజమానిని అడిగితే, ‘మార్జిన్ వాళ్లు తగ్గించారయ్యా, నేనేం చేసేది?’ అంటాడు. ఆ మాటలో కొంత నిజం కూడా ఉండవచ్చు. భూస్వామిని ఎదురుగా చూసి ద్వేషించగలిగిన పాలేరు కథను మనం రాయగలిగాం. ఎదురు నిలిచేందుకు ముఖమే లేని యజమాని కథ రాయడానికి మనకు కొత్త శిల్పం కావాలి.

మూసకు లొంగని పాదం

ఫ్యాక్టరీలో జోడును కొయ్యతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పాదపు మూస మీద కుడతారు. ఆ మూస సగటు పాదానిది. చిన్నప్పటి నుంచీ ఉత్తికాళ్లతో చేలో తిరిగిన మనిషి పాదం సగటుకు లొంగదు. వేళ్లు విచ్చుకుని ముందు భాగం వెడల్పవుతుంది, మడమలు పగులుతాయి. పొడవుకు ఏడో నంబరు సరిపోయేవాడికి వెడల్పుకు తొమ్మిది కావలసివస్తుంది. నందిగామ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతు షాపులో సిగ్గుపడేది ఇక్కడే. ‘నా కాలే మంచిది కాదులే’ అంటాడు. తప్పు పాదానిది కాదు, మూసది. ఆ సంగతి గుమాస్తాకు తెలుసు. ఆ మాట చెప్పి అతని మనసు తేలిక చేయగలడు. చెబితే అమ్మకం పోతుంది. అందుకని, ‘నాలుగు రోజులు తొడిగితే సాగుద్ది బాబాయ్’ అంటాడు. తోలయితే కొంత సాగుతుంది. రెగ్జిన్ సాగదు. ఈ చిన్న అబద్ధం దగ్గర అతని మనస్సులో ఏం జరుగుతుందో చెప్పగలిగిన కథ వందసార్లు ‘దోపిడీ’ అనే మాట వాడిన కథకంటే విలువైనది.

పాత కిర్రుచెప్పుల కాలంలో ఈ ఇబ్బంది లేదు. మాదిగవాడలో చెప్పులు కుట్టే మనిషి రైతు పాదాన్ని నేల మీద పెట్టించి గీత గీసుకుని, తంగేడు చెక్కతో లందలో ఊనిన తోలును రంపెతో కోసి, ఆరెతో కుట్టి ఇచ్చేవాడు. ఆ చెప్పు ఆ పాదానికే సరిపోయేది. కాని ఆ రోజులను పొగిడి ఊరుకోలేం. కుట్టినవాడికి నగదు లేదు, కళ్లంలో పెట్టిన గింజలే. గింజలు పెట్టేవాడి దయను బట్టే కొలత. తోలు ముట్టుకున్నందుకు మనిషి అంటరానివాడు, అదే తోలును తొడుక్కున్న పాదం మాత్రం గౌరవనీయం. తాను కుట్టిన చెప్పులను తాను తొడుక్కుని ఊళ్లో నడవడానికి అనేక గ్రామాల్లో వీలుండేది కాదు. జాషువా 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో కథానాయకుడు చెప్పులు కుట్టి బతికే ఆ మనిషే. 1994లో దండోరా ఉద్యమం మొదలైన తర్వాత ఆ వాడ నుంచే రచయితలు వచ్చి తమ కథను తామే రాసుకున్నారు. ఎండ్లూరి సుధాకర్ ‘మల్లెమొగ్గల గొడుగు’ అందుకు మంచి ఉదాహరణ.

అంటే చెప్పు కుట్టినవాడు మన సాహిత్యంలో ఉన్నాడు. ఆ వృత్తిని మింగేసిన ఫ్యాక్టరీ చెప్పును అమ్ముతున్న అతని మనమడు లేడు.

పీట దగ్గర ఒక దృశ్యం

రచయితలు తమ మనస్సులో ఒక దృశ్యం నిలుపుకోవచ్చు. జగ్గయ్యపేట షాపు, మధ్యాహ్నం. వత్సవాయి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దరైతు కుర్చీలో కూర్చున్నాడు. గుమాస్తా కుర్రవాడు డిగ్రీ చదివినవాడు. తాత చెప్పులు కుట్టేవాడు. పీట మీద వంగి పెద్దాయన మడమ చేతిలోకి తీసుకున్నాడు.

‘ఏ ఊరయ్యా మీది?’

‘పెనుగంచిప్రోలండి.’

‘పెనుగంచిప్రోల్లో ఎవరబ్బాయివి?’

కుర్రవాడు తలెత్తలేదు. ‘ఇది బిగుతుగా ఉందండి. తొమ్మిదో నంబరు తెస్తానుండండి,’ అని నిచ్చెన వైపు నడిచాడు.

ఈ ప్రశ్నలో ఏముందో మెట్టసీమలో పుట్టినవారికి వివరించనవసరం లేదు. ధర కట్టిన వస్తువు ముందు అందరూ సమానమని సంత చెబుతుంది. ఆ కుర్రవాడు తాత నిలబడలేకపోయిన గడప లోపల నిలబడ్డాడు, ఫ్యాను కింద పని చేస్తున్నాడు, నెలకు నగదు జీతం అందుకుంటున్నాడు. ఇది నిజమైన మార్పే, దీన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. అదే సమయంలో అతని చేతిలో ఉన్నది మళ్లీ ఎదుటివాడి పాదమే, జవాబు దాటవేయవలసిన అవసరం అతనిదే. కులాన్ని మాత్రమే చూసే కథకుడికి ఆ నెల జీతం కనిపించదు. జీతాన్ని మాత్రమే చూసే కథకుడికి ఆ ప్రశ్న వినిపించదు. రెండూ ఒకే పీట దగ్గర ఉన్నాయన్నదే వాస్తవికత.

పక్కనే పనిచేసే అమ్మాయి సంగతి మరొకటి. మగవాళ్ల పాదాలు పట్టి చూడవలసి వచ్చినప్పుడు ఆమె పడే ఇబ్బంది, షాపు కట్టేశాక చివరి బస్సు అందుకోవడానికి పడే ఆదుర్దా, ఆడవాళ్ల చెప్పుల అర దగ్గర మాత్రమే తనకు దొరికే కాస్త ఊరట – ఇవి ఆమె పనిలో భాగాలే, జీతం లెక్కలోకి రావు.

కూర్చునే హక్కు

ప్రపంచ సాహిత్యానికి ఈ గడప కొత్త కాదు. గోర్కీ ఆత్మకథాత్రయంలోని రెండో భాగం మొదలయ్యేదే చెప్పుల షాపులో. బాలుడైన అలెక్సేయ్ పట్టణపు పెద్ద వీధిలో ఫ్యాషన్ జోళ్ల షాపు తలుపు దగ్గర ‘బోయ్’గా నిలబడతాడు. షాపుకు వచ్చిన స్త్రీల ముందు గుమాస్తాలు ఒలకబోసే అతివినయాన్నీ, వాళ్లు వెళ్లగానే నాలుక మీదికొచ్చే నీచమైన మాటలనూ ఆ పిల్లవాడి కళ్లతో గోర్కీ చూపించాడు. అతను గుమాస్తాలను మంచివాళ్లుగా చిత్రించలేదు. రోజంతా వంగి ఉండే మనిషి లోపల ఏం పేరుకుంటుందో చూపించాడు. ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ బట్టల కొట్లో తాను పడ్డ పాట్ల నుంచే 1905లో ‘కిప్స్’ నవల రాశాడు. 2010లో తమిళ చిత్రం ‘అంగాడి తెరు’ చెన్నై రంగనాథన్ వీధి బట్టల దుకాణాల్లో పనిచేసే పిల్లల బతుకును తెరకెక్కించింది.

వెల్స్ నవలకు ఆరేళ్ల ముందే, 1899లో, దుకాణాల్లో పనిచేసే స్త్రీలకు కుర్చీలు ఏర్పాటు చేయాలని బ్రిటన్‌లో చట్టం వచ్చింది. మన దేశంలో కోళికోడ్ బట్టల దుకాణాల స్త్రీలు ‘పెణ్‌కూట్టు’ పేరుతో సంఘటితమై ఏళ్లతరబడి అడిగిన మీదట 2018లో కేరళ కూర్చునే హక్కును చట్టంలో చేర్చింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. నూరేళ్లకు పైబడిన ఎడం అది. ఇక మన దగ్గర, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాల, సంస్థల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అని పరిమితి రాసింది. 2025లో రోజువారీ పరిమితిని పెంచుతూ సవరణ తెచ్చారు. నిలబడి చేసే పనిలో పెరిగే ప్రతి గంట మోకాళ్ల మీద, పిక్కల మీద పడుతుంది.

యువ రచయితలకు చివరిగా ఒక మాట. ఈ గుమాస్తా మీద జాలి కథలు రాయనక్కర్లేదు. అతనికి నైపుణ్యం ఉంది. నడక చూసి సైజు చెబుతాడు, అరిగిన మడమ చూసి మనిషి ఏ కాలు మీద బరువు వేస్తాడో చెబుతాడు. మనం అనుకున్నదానికంటే హాస్యప్రియుడు. ముందు ఆ పని నేర్చుకోండి. నందిగామ బజారులో ఏదో ఒక మధ్యాహ్నం, జనం పలచబడిన వేళ, షాపులోకి వెళ్లండి. మీ చెప్పులు మీరే తొడుక్కోండి. అతను ఎంతసేపటి నుంచి నిలబడి ఉన్నాడో అడగండి. యజమాని లోపల ఉంటే అతను ఏం చెబుతాడో, లేకపోతే ఏం చెబుతాడో వినండి. ఆ రెండు జవాబుల మధ్య ఉన్న తేడా దగ్గర కథ మొదలుపెట్టవచ్చు.