సబ్‌నెట్ లెక్క మనకు రానిదేం కాదు

నెట్‌వర్కింగ్ నేర్చుకుని సిసిఎన్ఎ పరీక్ష రాయాలని మన పిల్లలు పల్లెల నుంచి అమీర్‌పేటకు వస్తున్నారు. సిస్కో కంపెనీ 1998లో మొదలుపెట్టిన పరీక్ష ఇది. ఇప్పుడు నడుస్తున్నది 2020లో వచ్చిన 200-301. సమయం 120 నిమిషాలు, ఫీజు 300 డాలర్లు. పన్నుతో కలిపితే పాతిక వేల రూపాయలు దాటుతుంది. తప్పితే మళ్లీ మొత్తం కట్టాల్సిందే. కూలి డబ్బుల మీద నడిచే ఇంట్లో అది ఎన్ని నెలల తిండో మనకు ఒకరు చెప్పక్కర్లేదు.

మనవాళ్లు మొదట బెదిరేది సబ్‌నెట్ దగ్గర. ‘దానికి లెక్కల బుర్ర ఉండాలి’ అంటారు. ఈ మాట మనం బడిలో చేరిన రోజు నుంచీ విన్నదే, ఎవరి బుర్ర గురించి అంటారో కూడా తెలిసిందే. ఆ లెక్క ఏమిటో చూద్దాం.

ఐపి అడ్రసు అంటే 32 బిట్లు, అంటే 32 చోట్ల సున్నానో ఒకటో. ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు చేసి 192.168.10.77 లాగా రాస్తారు. ఉత్తరం మీద ఊరి పేరు, ఇంటి నంబరు ఉన్నట్టే, ఇందులో ముందు భాగం నెట్‌వర్కుది, వెనక భాగం యంత్రానిది. ఊరి పేరు ఎక్కడ అయిపోయిందో చెప్పేది మాస్కు.

ఒక కాలేజీకి 192.168.10.0 నుంచి 192.168.10.255 దాకా 256 అడ్రసులున్నాయి. నాలుగు ల్యాబులు, ఒక్కోదాంట్లో 50 కంప్యూటర్లు. ఐదు రెండ్లు హెచ్చిస్తే 32, చాలదు. ఆరు రెండ్లు హెచ్చిస్తే 64, సరిపోతుంది. కాబట్టి యంత్రాలకు 6 బిట్లు, మిగిలిన 26 నెట్‌వర్కుకు. దీన్నే స్లాష్ 26 అంటారు, మాస్కు 255.255.255.192. ఇక 64 చొప్పున కోసుకుంటూ పోవడమే: 0, 64, 128, 192. 77వ నంబరు యంత్రం 64కీ 127కీ మధ్య ఉంది గనుక రెండో ల్యాబుది. ఆ ముక్కలో మొదటి నంబరు నెట్‌వర్కు పేరు, చివరిది అందరికీ ఒకేసారి వినబడే కేక. రెండూ ఏ యంత్రానికీ ఇవ్వరు. మిగిలేవి 62. లెక్కంతా ఇదే. నాట్ల కూలి ముఠాలో వాటాలు నోటితో తేల్చే అమ్మలకు ఇది ఒక పూట పని. పరీక్షలో క్యాలిక్యులేటరు ఇవ్వరు కాబట్టి ఆ నోటిలెక్కే అక్కరకొస్తుంది.

అసలు అడ్డం ఇంగ్లీషు. ప్రశ్న పొడుగ్గా ఉంటుంది, ఒకసారి ముందుకెళ్తే వెనక్కి రానివ్వరు. లెక్క తెలిసీ వాక్యం దగ్గర ఓడిపోతారు. అందుకని మేము హాస్టల్ పిల్లలతో ముందు తెలుగులో ఒకరికొకరు చెప్పుకోమంటాం, ఆ తర్వాతే ఇంగ్లీషు ప్రశ్న చదవమంటాం. ఇంగ్లీషు భయాన్ని అమ్ముకునేవాళ్లూ ఉన్నారు. డంపుల పేరుతో ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టిస్తారు. అది బయటపడితే సర్టిఫికెట్ రద్దు. బయటపడకపోయినా ఉద్యోగం ఇంటర్వ్యూలో స్విచ్చు ముందు కూచోబెడితే చేతులు ఆడవు.

యాక్సెస్ లిస్టు పాఠం మాత్రం మనవాళ్లకు చప్పున ఎక్కుతుంది. ఎవరిని రానివ్వాలో వరసగా రాస్తాం. రూటరు పైనుంచి చదువుకుంటూ మొదట సరిపోయిన వరస దగ్గర ఆగుతుంది. ఆఖర్న మనం రాయని, తెర మీద కనపడని వరస ఒకటుంది: పైన చెప్పనివాళ్లెవరికీ ప్రవేశం లేదు. రాయని నిషేధం ఎలా పనిచేస్తుందో ఊళ్లో చూసే వచ్చారు గదా!

చేతులు ఆడాలంటే ఖరీదైన రూటర్లు కొనక్కర్లేదు. ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌ను సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ఉచితంగానే ఇస్తుంది, పేరు నమోదు చేసుకుంటే చాలు. అందులో రూటర్లు, స్విచ్చులు, తీగలు తెర మీదే కలుపుకోవచ్చు. పైన చెప్పిన నాలుగు ల్యాబులనూ అందులో కట్టి, 77 నుంచి 130కి పింగ్ చేసి చూడండి. మధ్యలో రూటరు లేకపోతే పోదు. ఎందుకు పోదో పక్కవాడికి తెలుగులో చెప్పగలిగితే ఫీజు కట్టే ఆలోచన చేయొచ్చు.