మొక్కల యవయవముల పేళ్లు – రైతులు తెలియదగిన సంగతులు

చెట్టునకు జబ్బు చేసినదని చెప్పినంతమాత్రమున మందు చెప్పుట సాధ్యము కాదు. ఏ భాగమునకు చేసినదో చెప్పవలెను. మాట తప్పిన మందు తప్పును. మందు తప్పిన ఫలసాయము తప్పును. కావున పట్టిసీమ మొదలు లంకగ్రామములవఱకు గల రైతులు ఈ క్రింది పేళ్లను గుఱుతుంచుకొనుట యవసరము.

కొబ్బరి: నడినెత్తిన విచ్చని లేతయాకు మొవ్వు. విచ్చినది మట్ట. కొబ్బరికి కొమ్మలు లేవు, ఎదుగు చోటొక్కటియే. కావున మొవ్వు మొదలు కుళ్లిన చెట్టు దక్కదు. కొమ్ముపురుగు మొవ్వును తొలుచును. తరువాత విచ్చిన మట్ట కత్తెరతో కత్తిరించినట్లుండును. ఎఱ్ఱముక్కుపురుగు పిల్లలు మానులోపల తినును; రంధ్రములనుండి ఎఱ్ఱని జిగురునీరు కారును. రెంటిని "తల చెడినది" యని యొక్క మాటతో చెప్పినయెడల మొవ్వున చేయవలసిన పని మానునకు, మానున చేయవలసినది మొవ్వునకు జరుగును.

వరి: కాండము తొలుచు పురుగు పిలకలు వేయు దశలో సోకిన మొవ్వు ఎండును, లాగిన సులభముగా ఊడివచ్చును. వెన్ను వెడలు కాలమున సోకిన తెల్లకంకి యగును. మొదటిదానియందు దుబ్బు క్రొత్త పిలకలు వేయవచ్చును. రెండవదానియందు ఆ వెన్నున గింజ లేదు. పురుగొక్కటియే యైనను నష్టము వేఱు.

అరటి: మాను వలె కనుపించునది ఆకుతొడుగుల చుట్ట మాత్రమే. నిజమైన కాండము భూమిలోని దుంప. నడుమ తెల్లగా లేచి గెలను మోయునది దవ్వ. పిలక యను మాట వరికిని అరటికిని కలదు. వరియందు కంకి వేయు పిలక లాభము. అరటియందు పిలకలను మితిమీఱి విడిచిన తల్లిచెట్టు బలము తగ్గి గెల చిన్నదగును. నాటుటకు సన్నని సూదియాకుల పిలక మేలు. వెడల్పాకుల నీటిపిలక పనికిరాదు.

కంద, పసుపు, అల్లము: ఇవి వేళ్లు కావు, భూమిలోని కాండములు. కాండమగుటచేతనే వీనికి కన్నులు గలవు. విత్తనముక్కలు కోయునపుడు ప్రతిముక్కకును కన్ను నిలుపవలెను. కన్ను లేని ముక్క మొలవదు.

ఒక్కొక్క సీమలో పేళ్లు మాఱుటయు కలదు. ఇట్టి మాటలను ఊరూర సేకరింపించి భద్రిరాజు కృష్ణమూర్తిగారు కూర్చిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును 1962 లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించినది. అందుచేత తమ యూరి మాటను విడువ నక్కఱలేదు. అధికారి మాట వేఱైనచో, జబ్బుపడిన భాగమునే కోసి చూపి, దాని చోటు, పైరు వయస్సు చెప్పవలెను. మాటలు వేఱైనను చూచిన వస్తువు ఒక్కటియే గనుక పొరపాటునకు తావుండదు.