సముద్రం ఒకటే, రేట్లు రెండు

పెర్హెన్షియన్ దీవులకు వెళ్లాలంటే కువాలా బెసుత్ రేవులో పడవెక్కే ముందు మెరైన్ పార్కు రుసుము కట్టాలి. నాది మలేషియా గుర్తింపు కార్డు కాబట్టి 5 రింగిట్లు. శ్రీకాకుళం నుంచి చుట్టపుచూపుగా వచ్చిన మా వదినకు 30. "ఏటి వదినా, ఒకే సముద్రానికి రెండు రేట్లా?" అంది. ఇప్పుడు ఇక్కడ చాలామంది వాదించుకుంటున్నదీ దాదాపు ఇదే.

మా తాత కొబ్బరితోటల పనికొచ్చి బగాన్ దాతోలో స్థిరపడ్డాడు కాబట్టి నాకు 5, ఆయన తమ్ముడు ఊళ్లోనే ఉండిపోయాడు కాబట్టి ఆవిడకు 30. అయినా ఈ తేడా నాకు అన్యాయంగా అనిపించదు. ఇక్కడ పన్ను కట్టేవాళ్లం ఆ తీరాన్ని ఏడాదంతా పోషిస్తున్నాం. తాజ్‌మహల్ దగ్గరా విదేశీయులకు వేరే టికెట్టే కదా. 1999లో ఈ రుసుము పెట్టినప్పుడు పెద్దవాళ్లకు 5 రింగిట్లు. 2016 నుంచి విదేశీయులకు 30 చేశారు.

నా అభ్యంతరం వేరు. రుసుము పెంచితే రద్దీ తగ్గుతుందని చెప్పడం నేను ఒప్పుకోను. పడవకూ గదికీ వందల రింగిట్లు పెట్టినవాళ్లు 30 చూసి వెనక్కి పోరు. లైఫ్ జాకెట్లు తొడుక్కుని గుంపులుగా దిగుతారు, అలసిపోతే పగడాల మీదే కాళ్లు ఆనిస్తారు. ఏళ్లు పట్టి పెరిగిన కొమ్మ ఒక్క తన్నుకు విరుగుతుంది. ఈత రానివాళ్లను అంత లోతుతక్కువ నీళ్లలోకి ఒకేసారి దించకూడదని అక్కడి పడవవాళ్లకూ తెలుసు.

సబా రాష్ట్రంలోని సిపదాన్ దీవిలో వేరే దారి పట్టారు. 2004 చివరికల్లా దీవి మీది రిసార్టులన్నిటినీ ఖాళీ చేయించారు. ఆ తర్వాత రోజుకు 120 మందికే పర్మిట్. తర్వాత ఆ సంఖ్యను కొంత పెంచినా, లెక్క అనేది ఉంది. సముద్రగర్భం నుంచి సుమారు 600 మీటర్లు నిటారుగా లేచిన ఆ దీవి చుట్టూ తాబేళ్లు ఇప్పటికీ తిరుగుతున్నాయంటే, ఆ కట్టడికీ అందులో పాలుందని నా నమ్మకం.

తమాన్ నెగరా సంగతి చూడండి. 4,343 చదరపు కిలోమీటర్ల అడవి. ప్రవేశ పర్మిట్ ఏళ్ల తరబడి 1 రింగిట్టే, కెమెరాకు 5. అయినా అది జాతరలా మారలేదు. అంత దూరం వెళ్లడానికి ఓపిక కావాలి మరి. అక్కడ రద్దీని ఆపింది దూరం.

అయితే సంఖ్య కట్టడి చేసినంత మాత్రాన న్యాయం జరగదని సబాలోనే ఉన్న కినబాలు పర్వతం దగ్గర అర్థమవుతుంది. 4,095 మీటర్ల ఆ కొండ కడజాన్‌దుసున్ ప్రజలకు పూర్వీకుల ఆత్మలుండే చోటు. 2015 జూన్ 5న వచ్చిన భూకంపంలో అక్కడ 18 మంది పోయారు; వాళ్లలో కొండదారి చూపే గైడ్లూ ఉన్నారు. ఎక్కేవాళ్ల సంఖ్య కొండ మీది బసలో పడకలెన్ని ఉంటే అంత. ఆ పడక, భోజనం, పర్మిట్, గైడ్ అన్నీ కలిపి అమ్మే ప్యాకేజీ మలేషియావాళ్లకు కూడా వెయ్యి రింగిట్లు దాటుతుంది. 2025 ఫిబ్రవరి నుంచి కనీస వేతనమే నెలకు 1,700. కొండ కింద రనావులో పుట్టిన కూలివాడి కొడుకు ఆ శిఖరాన్ని కింద నుంచే చూడాలా? ఇది నన్ను నిజంగా బాధిస్తుంది.

దీనికి దారి లేకపోలేదు. తిరుమలలో ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్ తీస్తారు. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో డబ్బున్నవాడికీ లేనివాడికీ ఒకే అవకాశం. కినబాలు పడకల్లో కొన్నిటినైనా సబా వాసులకు అలా డిప్ తీసి, తక్కువ ధరకు కేటాయించాలి.

మళ్లీ పెర్హెన్షియన్ సంగతికొస్తే, ఆ తూర్పుతీరంలో నవంబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వల్ల రిసార్టులు చాలావరకు మూతపడతాయి. పగడాలకు ఆ నెలలే విశ్రాంతి. మళ్లీ సీజను మొదలయ్యేనాటికి ఒక్కో స్నార్కెలింగ్ చోటికి రోజుకెంతమందో రేవులో బోర్డు రాసి పెట్టాలి. మా వదిన కట్టిన 30 దేనికి ఖర్చయిందో ఆ బోర్డు మీదే ఉండాలి.