అరికాలి కింద అర సెంటీమీటరు

బట్టల షాపులో చీరలు చూపించే అమ్మాయి బరువు 60 కిలోలు అనుకుందాం. ఊరికే నిలబడితే ఒక్కో పాదం మీద 30 కిలోలు పడతాయి. నడక మొదలైందంటే లెక్క మారిపోతుంది. ఒక కాలు గాల్లో ఉన్నప్పుడు మొత్తం బరువు రెండో కాలి మీదే ఉంటుంది. దానికి అడుగు వేసే ఊపు తోడై, మామూలు నడకలోనే పాదం మోసేది శరీర బరువుకు సుమారు 1.2 రెట్లు, అంటే 72 కిలోలు. కౌంటరుకూ గోడౌనుకూ మధ్య తిరుగుతూ రోజుకు 10,000 అడుగులు వేస్తే ఒక్కో పాదం వంతుకు 5,000 వస్తాయి. గుణించి చూడండి: 3,60,000 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాల్లో చెప్పాలంటే 14,400 బస్తాలు. ఒక్కొక్కటిగా, కొన్ని క్షణాలపాటు మోస్తుంది కాబట్టి పాదం తట్టుకుంటుంది. సాయంత్రానికి మడమ సలపడం మాత్రం తప్పదు.

నర్సులు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు, సెక్యూరిటీ గార్డులు, పెట్రోలు బంకు కుర్రాళ్లు, రోజుకు ఐదారు పీరియడ్లు చెప్పే టీచర్లు, అందరిదీ కాస్త అటూ ఇటూగా ఇదే లెక్క. వీళ్లలో చాలామంది ఏదో ఒక రోజు చెప్పుల షాపుకు వెళ్లి ఇన్‌సోల్ అడుగుతారు. బూటు లోపల అరికాలి కింద పరిచే మెత్త అది. అక్కడ రకరకాల రంగులు, రకరకాల ధరలు. దేన్ని తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి ముందు ఒక మాట తెలిసి ఉండాలి: ఆ 72 కిలోలను ఏ ఇన్‌సోలూ 71 చేయలేదు. అది చేయగలిగిందల్లా ఆ బరువును ఎక్కువ చోటికి పంచడమే.

పంచడం అంటే ఏమిటి? నిలబడినప్పుడు పాదం మీది బరువులో సగానికి పైగా మడమే మోస్తుంది. 30 కిలోల్లో 18 కిలోలు మడమవి అనుకోండి. గట్టి నేల మీద మడమ 30 చదరపు సెంటీమీటర్ల మేర ఆనిందనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరుకు 600 గ్రాములు పడతాయి. మడమను చుట్టూ పట్టుకునే చిన్న గిన్నెలాంటి గుంట ఉన్న ఇన్‌సోల్ వేస్తే మడమ పక్కలు కూడా ఆనుతాయి. ఆనే చోటు 40 చదరపు సెంటీమీటర్లయితే భారం 450 గ్రాములకు దిగుతుంది. అంటే పావు వంతు తగ్గింది. వైశాల్యాలు లెక్క కోసం అనుకున్నవే, పనిచేసే పద్ధతి మాత్రం అదే.

అలాంటప్పుడు ఎంత మెత్తగా ఉంటే అంత మేలు కదా అనిపిస్తుంది. షాపులో అందరూ చేసేది కూడా ఇదే: బొటనవేలితో నొక్కి చూసి, లోపలికి దిగితే బాగుందంటారు. కానీ బొటనవేలు వేరు, 72 కిలోలు వేరు. మరీ మెత్తని ఫోమ్ ఆ బరువు కింద పూర్తిగా అణిగిపోతుంది. అణిగాక ఇక పంచడానికి ఏమీ మిగలదు, మడమ మళ్లీ బూటు అట్ట మీదే ఆనుతుంది. పాత దూది పరుపు మీద పడుకుంటే నడుముకు మంచం పట్టెలు తగిలినట్టే. పైగా మరీ మెత్తని దాని మీద పాదం నిలకడగా ఉండదు. అటూ ఇటూ ఒరగకుండా ఆపడానికి చీలమండ దగ్గరి కండరాలు అదనంగా పనిచేయాల్సి వస్తుంది. నొక్కితే కొద్దిగా దిగి, వేలు తీయగానే పైకి లేచే రకం, మెత్తదనానికీ గట్టిదనానికీ మధ్యలోది, ఎనిమిదో గంటలో కూడా పనికొస్తుంది.

ఈ లెక్కలో పదార్థాలను చూద్దాం. మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి పాదం అచ్చు పట్టుకునే ఫోమ్. తొడిగిన మొదటి నిమిషంలో దీన్ని మించింది లేదు, అందుకే బాగా అమ్ముడుపోతుంది. వేడికి మెత్తబడటమే దాని గుణం కాబట్టి మన ఎండాకాలంలో, మూసిన బూటులో, మరింత త్వరగా అణుగుతుంది. జెల్ అంటే సిలికాన్ వంటి జిగురు పదార్థం. మడమ కింద ముక్కగా వేసుకోవడానికి బాగుంటుంది. పాదమంతా పరిచితే బరువు, గాలి ఆడదు, చెమట పీల్చదు. ఈవీఏ అనేది స్పోర్ట్స్ షూల అడుగున కనిపించే తేలికపాటి ఫోమ్ ప్లాస్టిక్. ధర తక్కువ, ఆకారం చక్కగా నిలబెడుతుంది, నెలలు గడిచేకొద్దీ పలచబడుతుంది. పీయూ, అంటే పాలీయూరిథేన్, సోఫాల్లో వాడే ఫోమ్ జాతిదే, ఇంకా దట్టంగా పోసింది. కాస్త బరువు, కానీ ఎక్కువ కాలం లేచి నిలబడుతుంది. నన్నడిగితే రోజంతా నిలబడేవారికి పైన బట్ట పొర, కింద దట్టమైన పీయూ లేదా గట్టి ఈవీఏ, మడమ దగ్గర గుంట ఉన్నది చాలు. మిగతావన్నీ రంగులే.

అరికాలి వంపు సంగతేమిటి? 'ఆర్చ్ సపోర్ట్' అని పెట్టె మీద పెద్దక్షరాలతో రాస్తారు. పాదం లోపలి వైపు ఉండే వంపు కింద ఎత్తుగా కట్టిన భాగం అది. మీ వంపు ఎలాంటిదో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చు లేదు. అరికాలు తడిపి పొడి గచ్చు మీద అడుగు వేయండి. మధ్యలో సన్నని పట్టీ మాత్రమే పడితే వంపు ఎక్కువ, పాదమంతా నిండుగా అచ్చు పడితే చదునైన పాదం. అయితే ఒక జాగ్రత్త. చదును పాదం జబ్బు కాదు. నొప్పి లేకపోతే దాన్ని సరిచేయాల్సిన పనే లేదు. ఉన్న వంపుకు ఆనీ ఆననట్టు తగిలే ఎత్తు చాలు. గోళీ మీద నిలబడ్డట్టు గుచ్చుకుంటుంటే అది మీది కాదు, ఎంత ఖరీదైనదైనా సరే.

ఖరీదు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. పాదం అచ్చు తీసి ప్రత్యేకంగా చేయించే ఇన్‌సోళ్లు షాపులో దొరికేవాటికంటే చాలా మెరుగని చాలామంది నమ్మకం. అమెరికాలో 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో మడమ నొప్పి ఉన్న 236 మందిని ఐదు గుంపులు చేశారు. అందరిచేతా పిక్క, అరికాలు సాగదీసే వ్యాయామం చేయించారు. ఒక గుంపుకు అంతే, మిగతా నాలుగింటికి అదనంగా ఒక్కో రకం మెత్త. ఎనిమిది వారాల తర్వాత సిలికాన్ మడమ ముక్క పెట్టుకున్నవాళ్లలో నూటికి 95 మంది, రబ్బరు ముక్కతో 88, ఉన్నిలాంటి ఫెల్ట్ ముక్కతో 81 మంది మెరుగయ్యారు. కేవలం వ్యాయామం చేసినవాళ్లు 72. అచ్చు తీసి చేయించిన ఖరీదైన మెత్త వేసుకున్నవాళ్లు 68.

చివరి రెండు అంకెలు మళ్లీ చూడండి. ఒట్టి వ్యాయామంతోనే నూటికి 72 మందికి ఊరట దొరికింది. దానికి పైసా ఖర్చు లేదు: గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి చాపి, ఆ మడమ నేల వదలకుండా ముందుకు వంగితే పిక్క సాగుతుంది. కూర్చుని కాలివేళ్లను చేత్తో వెనక్కి లాగితే అరికాలు సాగుతుంది.

ఒక్క అధ్యయనంతో తీర్పు చెప్పేస్తారా అంటారేమో. ఆస్ట్రేలియాలో 135 మందితో చేసి 2006లో ప్రచురించిన ఇంకో ప్రయోగంలో కొందరికి అచ్చు తీసి చేసినవి, కొందరికి రెడీమేడ్‌వి, ఇంకొందరికి ఉత్తుత్తి పలచని మెత్తలు ఇచ్చారు. మూడు నెలలకు మొదటి రెండు గుంపులవాళ్ల నడక, పనిపాటలు ఉత్తుత్తి మెత్తవాళ్లకంటే కొద్దిగా మెరుగ్గా ఉన్నాయి. రెడీమేడ్‌కూ, చేయించినదానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏడాది తిరిగేసరికి మూడు గుంపులూ ఇంచుమించు ఒకే చోట ఉన్నాయి. ఈ రెండు అధ్యయనాలూ మడమ నొప్పి ఉన్నవారి మీద చేసినవని గుర్తుంచుకోవాలి. పాదం ఆకారంలో నిజంగా తేడా ఉన్నవారికి, గాయమైనవారికి చేయించినవే అవసరం కావచ్చు, అది డాక్టరు తేల్చాలి. మామూలు అలసటకు వేలకు వేలు పోయనక్కరలేదు.

అయస్కాంతాలున్నవి? అమెరికాలోనే 101 మంది మీద పరీక్షించి 2003లో ఫలితాలు ప్రకటించారు. కొందరికి అసలు అయస్కాంతాలు, మిగతావారికి డమ్మీలు. ఎనిమిది వారాలకు రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గింది. అయస్కాంతం కోసం అదనంగా అడిగే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

రోజు కూలీ లెక్కన ధర చూస్తే బుర్ర తేలికపడుతుంది. నెలకు 25 పనిదినాలు. 100 రూపాయల మెత్త నెలకే అణిగిపోతే రోజుకు 4 రూపాయలు. 300 రూపాయలది ఆరు నెలలు నిలిస్తే 150 రోజులు, రోజుకు 2 రూపాయలు. 3,000 పోసి చేయించింది మూడేళ్లు వస్తే 900 రోజులు, రోజుకు 3 రూపాయల 33 పైసలు. ఈ ధరలు ఉదాహరణకే. మీ ఊళ్లో మీకు చెప్పిన ధరతో ఇలాగే భాగించుకోండి.

ఇక అసలు చిక్కు. ఇన్‌సోల్ మందం 5 మిల్లీమీటర్లే అయినా, ఆ అర సెంటీమీటరు బూటు లోపలి ఎత్తులోంచే పోవాలి. ఇప్పటికే బిగుతుగా ఉన్న బూటులో దాన్ని దూరిస్తే వేళ్లు నలుగుతాయి, మడమ పైకి లేచి జారుతుంది. బూటు సరిపోని వాళ్లు తక్కువేం కాదు: వేర్వేరు అధ్యయనాలను కలిపి 2018లో చేసిన పరిశీలనలో నూటికి 63 నుంచి 72 మంది పొడవులోనో వెడల్పులోనో తమ పాదానికి సరిపడని బూట్లు తొడుగుతున్నట్టు తేలింది. కాబట్టి ముందు ఒక కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్ గీయించుకోండి. బూటును ఆ బొమ్మ మీద పెట్టండి. గీత బూటు బయటికి వస్తే మీకు కావాల్సింది మెత్త కాదు, వేరే బూటు. మన దేశంలో ఎక్కువగా వాడే సైజు అంకెల్లో ఒక్కో అంకెకు తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు, అందుకే 7కీ 8కీ మధ్య అంత తేడా తెలుస్తుంది. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి కొనేది సాయంత్రమైతే మంచిది. బూటులో ముందునుంచే ఉన్న పలచని మెత్త తీయడానికి వస్తే తీసేసి, దాన్నే కొలతగా పెట్టి కొత్తదాన్ని వేళ్ల వైపు కత్తిరించండి. మడమ వైపు కత్తెర పెట్టొద్దు.

బూట్లే వేసుకోని వారి మాటేమిటి? చాలా బట్టల షాపుల్లో లోపల చెప్పులు వేసుకోనివ్వరు. ఇంట్లో గ్రానైటు బండల మీద పొద్దున్నే మూడు గంటలు వంటింట్లో నిలబడే ఆడవాళ్లది కూడా ఉద్యోగమే, వాళ్లను ఈ లెక్కలోంచి వదిలేయడం అన్యాయం. స్టవ్ ముందు జారని రబ్బరు మ్యాట్ వేస్తే ఇన్‌సోల్ చేసే పనిలో కొంత అది చేస్తుంది. ఇంట్లో వాడుకోవడానికి ఎంసీఆర్ చెప్పులు ఉండనే ఉన్నాయి. ఎంసీఆర్ అంటే సన్నని గాలి గదులు నిండిన మెత్తని రబ్బరు. దీనికి మన పొరుగునే చరిత్ర ఉంది: వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు వల్ల పాదాల్లో స్పర్శ పోయినవారికి పుండ్లు పడకుండా ఈ రబ్బరుతో చెప్పులు చేయించారు. తర్వాత షుగరు రోగులకూ అవే వచ్చాయి.

షుగరు ఉన్నవారు మాత్రం ఈ వ్యాసంలో నేను చెప్పిన 'తొడిగి చూసి హాయిగా ఉందో లేదో తేల్చుకోండి' అన్న ధోరణిని పక్కన పెట్టాలి. నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గిన పాదానికి ఏది గుచ్చుకుంటోందో తెలియదు. డాక్టరు దగ్గర సన్నని నైలాను దారంతో అరికాలిని తాకించి చేసే పరీక్ష ఉంటుంది. దారం వంగేసరికి పడే ఒత్తిడి 10 గ్రాములు. అది తెలియకపోతే ఇన్‌సోల్ ఎంపిక డాక్టరుకే వదిలేయండి, రోజూ రాత్రి అరికాళ్లు అద్దంలో చూసుకోండి.

ఇంత చేసినా పిక్కల లాగుడు, కాళ్ల ఉబ్బు తగ్గలేదంటే తప్పు మెత్తది కాదు. నడిచేటప్పుడు పిక్క కండరం బిగుస్తూ వదులవుతూ కాళ్లలోని రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడితే ఆ పని ఆగిపోతుంది. ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, కాసేపయ్యాక రెండోది మార్చడం, మడమలు ఎత్తి దించడం కొంత మేలు. అసలు మందు కూర్చోవడమే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే, నిలబడి పనిచేసే కార్మికులకు వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని రాశారు. షాపులకు ఆ మాట చేరడానికి చాలా కాలం పట్టింది. కోజికోడ్ బట్టల షాపుల మహిళలు ఏళ్లపాటు పోరాడాక కేరళ 2018లో, ఆ తర్వాత 2021లో తమిళనాడు, తమ షాపుల చట్టాలను సవరించి కూర్చునే హక్కు ఇచ్చాయి. యజమాని ఇచ్చే స్టూలు ఖరీదు నాలుగు జతల ఇన్‌సోళ్లకు మించదు.

కొత్త మెత్త తెచ్చాక మొదటిరోజే పన్నెండు గంటల డ్యూటీకి తొడగొద్దు. రెండు గంటలతో మొదలుపెట్టి రోజూ కొంచెం పెంచండి, వారం పది రోజుల్లో పాదం అలవాటు పడుతుంది. రెండు వారాలైనా కొత్త నొప్పి ఉంటే తీసేయండి. పొద్దున్నే మంచం దిగి వేసే తొలి అడుగులోనే మడమ పొడిచినట్టుగా ఉండి వారాల తరబడి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద ఉండే దళసరి పట్టీ దెబ్బతిన్నప్పుడు వచ్చే నొప్పి తీరు అది. సుమారు పదిమందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఏడాదిలోపు చాలామందికి ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

రాత్రి బూటులోంచి మెత్త బయటికి తీసి ఆరబెట్టండి, ఎండలో కాదు, ఫ్యాను కింద. వాడటం మొదలుపెట్టిన తేదీ దాని అడుగున బాల్‌పెన్నుతో రాసి పెట్టుకోండి. మడమ చోట వేలితో నొక్కితే తిరిగి లేవడం మానేసిన రోజు ఆ తేదీ చూసి, ఎన్ని పనిదినాలు వచ్చిందో లెక్కేసి, ధరను భాగించండి. వచ్చేసారి షాపులో ఏ రకం అడగాలో ఆ అంకె చెబుతుంది.