జనగామా, జన్‌గావా? ఒకే ఊరికి రెండు పలుకులు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబర్ 11న మూడూ జిల్లాలయ్యాయి. ఊరు ఒకటే అయినా ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు ఒక రకంగా, తెలుగు మాట్లాడేవాళ్లు ఇంకో రకంగా పలుకుతారు. 'ఉంటున్న ఊరి పేరు కూడా సరిగ్గా రాదా?' అనే ఎగతాళి అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఇది రాకపోవడం కాదు, రెండు భాషల నడక వేరు. తెలుగులో మాట చివర అచ్చు నిలుస్తుంది, అందుకే జనగామ. ఉర్దూలో మాట చివర పొట్టి 'అ' నిలవదు. పైగా ఊరిని ముక్కుతో 'గావ్' అంటారు. అలా జన్‌గావ్ అయింది. రైల్వే ఇంగ్లిష్ స్పెల్లింగు కూడా దీనికే దగ్గర.

భూపాలపల్లికి వచ్చిన చిక్కు లిపితో. ఉర్దూలో 'వావ్' అనే ఒక్క అక్షరమే ఊ, ఓ రెండింటికీ పనిచేస్తుంది. రాస్తే భూపాల్, భోపాల్ ఒకేలా కనిపిస్తాయి. ఊరు తెలియనివాళ్లు చదివితే మధ్యప్రదేశ్ దాకా వెళ్లిపోతారు!

మహబూబాబాద్ దగ్గర కథ తిరగబడుతుంది. మహబూబ్ అరబీ మాట, ప్రియమైనవాడని అర్థం. ఆబాద్ ఫారసీ. ఉర్దూలో 'హ' తర్వాత అచ్చు ఉండదు, ముందున్న 'అ' కాస్త 'ఎ'లా వినిపిస్తుంది: మెహ్‌బూబాబాద్. తెలుగు నోరు మధ్యలో 'అ' చేర్చుకుంది. అక్కడివాళ్లలో చాలామంది ఈ గొడవే లేకుండా మానుకోట అనేస్తారు. రైలు టికెట్టుకు మాత్రం మహబూబాబాద్ అనే వెతకాలి. తొందరలో మహబూబ్‌నగర్ నొక్కితే రాష్ట్రంలో ఇంకో మూలకు టికెట్టు వస్తుంది.